వియత్నాం యుద్ధమూ అమెరికన్ సామాన్యుడూ

1971 జనవరిలో గాలప్ సంస్థ అమెరికా ప్రజలను ఒక ప్రశ్న అడిగింది. ఆ సంవత్సరాంతంలోగా వియత్నాం నుంచి సైన్యాన్నంతటినీ వెనక్కు రప్పించాలనే ప్రతిపాదనకు మీరు అనుకూలమా, కాదా? నూటికి 73 మంది అనుకూలమన్నారు. చాలా ఏళ్ల తరువాత జేమ్స్ లోవెన్ అనే సామాజిక శాస్త్రజ్ఞుడు తన ఉపన్యాసాలకు వచ్చినవారికి ఈ అంకె చెప్పి, దానిని చదువును బట్టి విడదీసి చూపమని అడిగేవాడు. కళాశాల చదువు చదివినవారిలో ఎంతమంది అనుకూలమని ఉంటారు? ఉన్నత పాఠశాలతో ఆగినవారిలో ఎంతమంది? ప్రాథమిక పాఠశాల దాటనివారిలో ఎంతమంది? శ్రోతలలో దాదాపు పదింట తొమ్మిదిమంది, చదువు హెచ్చినకొద్దీ యుద్ధ వ్యతిరేకత హెచ్చి ఉంటుందనే ఊహించారు. అసలు లెక్క అందుకు తలక్రిందులుగా ఉన్నది. కళాశాలవారు 60, ఉన్నత పాఠశాలవారు 75, ప్రాథమిక పాఠశాలవారు 80.

చదువు చెప్పేవారికీ చదువుకునేవారికీ ఈ మూడంకెలు మింగుడుపడవు. వియత్నాం యుద్ధం అనగానే మన కళ్లకు కట్టేది విశ్వవిద్యాలయాల ఆవరణలలో ఊరేగే విద్యార్థులు. వారికి ఎదురుగా, 1970 మే 8న న్యూయార్కు వీధులలో ఆ విద్యార్థులను చావమోదిన భవన నిర్మాణ కార్మికులు, వారి రక్షణ టోపీలు. ఆ రెండో బొమ్మ అబద్ధం కాదు, అది జరిగింది. ఆ కార్మిక సంఘాల నాయకుడు పీటర్ బ్రెన్నన్‌ను నిక్సన్ 1973లో కార్మిక మంత్రిని కూడా చేశాడు. కేంద్ర కార్మిక సమాఖ్య అధ్యక్షుడు జార్జి మీనీ చివరిదాకా యుద్ధాన్ని సమర్థిస్తూనే వచ్చాడు. అయితే నాయకుడు మాట్లాడినదంతా సభ్యుల మాట అనుకోవడం, ఒక వీధిలో జరిగిన దొమ్మీని ఒక వర్గం అభిప్రాయమనుకోవడం చరిత్ర రచన కాదు. చిత్రమేమంటే ఆ తప్పును నిక్సన్ అనుచరులు ఎంత ఇష్టంగా ప్రచారం చేశారో, అభ్యుదయవాదులమని చెప్పుకున్న మేధావులలో చాలామంది అంత ఇష్టంగానే నమ్మారు.

ఈ యుద్ధం సైనికులతో మొదలు కాలేదు, సహాయంతో మొదలైంది. 1950లో ట్రూమన్ ప్రభుత్వం ఇండో చైనాలో ఫ్రెంచి సామ్రాజ్యవాదులకు ఆయుధాలూ డబ్బూ పంపసాగింది. 1954లో దియెన్ బియెన్ ఫూ పతనమయ్యే నాటికి ఆ యుద్ధపు ఖర్చులో సుమారు ముప్పాతిక వంతు అమెరికాయే భరిస్తున్నది. సహాయం అనే మాట ఎట్లా పనిచేస్తుందో మన దేశంలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. 1954లో కుదిరిన ఒప్పందం ప్రకారం పాకిస్తాన్‌కు చేరిన ప్యాటన్ టాంకులను 1965లో మన సైనికులు ఖేమ్‌కరణ్ పొలాలలో చూశారు. 1966లో మన ప్రభుత్వం ఉత్తర వియత్నాంపై బాంబుదాడులు ఆపాలని అన్నందుకు, కరువుకాలంలో రావలసిన గోధుమ ఓడలను జాన్సన్ బిగబట్టి కొంచెం కొంచెంగా వదిలాడు.

1953 సెప్టెంబరులో గాలప్ సంస్థ అడిగిన ప్రశ్నను ఈ దృష్టితో చూడాలి. ఇండో చైనాలో కమ్యూనిస్టులతో పోరాడుతున్న ఫ్రెంచివారికి అమెరికా యుద్ధసామగ్రి పంపుతున్నది, అక్కడికి అమెరికన్ సైనికులను కూడా పంపడానికి మీరు సమ్మతిస్తారా అని అడిగారు. 85 శాతం వద్దన్నారు. సమ్మతించినవారు 8 శాతం. ఇది గొప్ప శాంతికాంక్ష అని మురిసిపోయే ముందు ప్రశ్న నిర్మాణం చూడండి. సామగ్రి పంపడమనేది అందులో చర్చనీయాంశం కాదు, జరుగుతున్న సంగతి. దాని మంచిచెడ్డలు ఆ ప్రశ్నలో ఎవరినీ అడగలేదు. తన కొడుకు వెళ్లనంతవరకు సహాయం సామాన్యునికి వార్తాపత్రికలోని ఒక పంక్తి మాత్రమే. 1963 చివరికి ‘సలహాదారుల’ పేరుతో పదహారువేలమంది అక్కడ ఉన్నారు. 1964 వసంతంలో కూడా, దక్షిణ వియత్నాం సంగతులు తాము పెద్దగా పట్టించుకోవడం లేదని నూటికి 63 మంది గాలప్‌కు జవాబు చెప్పారు.

ఆ ఏడు ఆగస్టులో టోంకిన్ సింధుశాఖ వ్యవహారం వచ్చింది. జరగని రెండో దాడిని జరిగినట్లు చూపి జాన్సన్ తీర్మానం తెచ్చాడు. ప్రతినిధుల సభలో 416 మంది అనుకూలం, వ్యతిరేకం ఒక్కరూ లేరు. సెనేటులో 88కి ఇద్దరు, మోర్స్, గ్రూనింగ్. వియత్నాం విషయంలో జాన్సన్‌ను మెచ్చుకునేవారు హారిస్ లెక్కలో 42 శాతం నుంచి ఒక్కసారిగా 72కు పెరిగారు.

ఇక్కడినుంచి చదువుకున్నవారి సంగతి ఆసక్తికరంగా ఉంటుంది. పత్రికలు చదివేవారు, ప్రభుత్వ వాదన వివరంగా తెలిసినవారు, మ్యాపులో హనోయి ఎక్కడున్నదో చూపగలవారు యుద్ధాన్ని ఎక్కువగా సమర్థించారు. యువకులు కూడా అంతే. 1965 ఆగస్టు లెక్కల ప్రకారం ముప్ఫై ఏళ్లలోపువారిలో యుద్ధాన్ని సమర్థించినవారు 76 శాతం, యాభై నిండినవారిలో 51 శాతం. జాన్ ముల్లర్ 1973లో ప్రచురించిన గ్రంథంలో ఈ లెక్కలన్నీ వరుసగా చూపాడు. పురుషులకంటే స్త్రీలు, తెల్లవారికంటే నల్లవారు, ఉన్నవారికంటే లేనివారు యుద్ధాన్ని తక్కువగా సమర్థించారు. విశ్వవిద్యాలయాల నిరసన నిజమే, గొప్పదే. కాని అది కళాశాల చదువు చదివినవారందరి గొంతు కాదు.

దీనికి కారణం మరీ గూఢమైనదేమీ కాదు. కళాశాలలో ఉన్నంతకాలం కుర్రవాడికి సైన్యంలో చేరిక వాయిదా పడేది. ఆ సౌకర్యం లేనివాడు కర్మాగారంనుంచో, పొలంనుంచో నేరుగా వెళ్లాడు. అది చాలక 1966లో రక్షణమంత్రి మెక్‌నమారా బుద్ధిపరీక్షలో తప్పినవారిని కూడా చేర్చుకునే పథకం పెట్టాడు. పేదలకు నైపుణ్యం నేర్పే సంక్షేమ కార్యక్రమమని దానికి పేరు. ఆ దారిన మూడున్నర లక్షల మంది సైన్యంలోకి వెళ్లారు. వారిలో నల్లవారు నూటికి నలభై వరకు. రెండో కారణం చదువులోనే ఉన్నది. ఏ వ్యవస్థ తనకు ఉద్యోగం, హోదా ఇచ్చిందో ఆ వ్యవస్థ మాటను చదువుకున్నవాడు కొంచెం ఎక్కువకాలం నమ్ముతాడు. పాఠశాలలో వెనకబడ్డవాడికి పెద్దల మాట మీద అంత గురి ఉండదు.

అయితే కార్మికుడు యుద్ధాన్ని సామ్రాజ్యవాద యుద్ధమని గుర్తించి ఎదిరించాడని చెప్పడం కూడా మన కోరికే అవుతుంది. మిషిగన్ రాష్ట్రంలో డియర్‌బార్న్ అనే పట్టణం ఉన్నది. ఫోర్డు మోటారు కర్మాగారం అక్కడిదే. 1966 నవంబరులో ఆ ఊరి ఎన్నికలలో ఒక అదనపు ప్రశ్న పెట్టారు. కాల్పులు విరమించి, అమెరికా సైన్యం వెనక్కు వచ్చి, వియత్నాం ప్రజలను తమ సమస్య తామే తీర్చుకోనివ్వాలా? 41 శాతం అవునన్నారు. అప్పటికి దేశంలో ఏ పెద్ద నాయకుడూ ఆ మాట అనలేదు. 1968లో మళ్లీ అడిగితే అవునన్నవారు 57 శాతం. ఇటువంటి ప్రజాభిప్రాయ సేకరణలను పరిశీలించిన హార్లన్ హాన్, కార్మికులు నివసించే వార్డులలోనే ఉపసంహరణకు ఎక్కువ ఓట్లు వచ్చాయని చూపాడు. కాని ఆ ఊరి మేయరు ఎవరు? ఆర్విల్ హబ్బర్డ్. ఫోర్డు కర్మాగారంలో పనిచేసే నల్లవారిని తన ఊళ్లో ఒక్క రాత్రి కాపురం ఉండనివ్వని జాత్యహంకారి. అతడూ యుద్ధాన్ని వ్యతిరేకించాడు. అతడిని మళ్లీ మళ్లీ గెలిపించిన ఓటర్లే యుద్ధం ఆపమన్నారు. మనకు నచ్చిన అభిప్రాయం మనకు నచ్చిన మనిషి దగ్గరే దొరుకుతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు.

ఇప్పుడు బాక్సింగు దగ్గరకు వద్దాం. ఈ యుద్ధం గురించి సామాన్యుల మాటలు అన్నిటికన్నా వేడెక్కినది ఆ ఆటగాడి విషయంలోనే.

ముహమ్మద్ అలీ 1964లో సైనిక బుద్ధిపరీక్ష తప్పాడు. అప్పటి నియమం ప్రకారం అతడు పనికిరాడు. అతడి మార్కులు మారలేదు, నియమం మారింది. అవసరం పెరిగి ఉత్తీర్ణతా స్థాయిని దించేసరికి 1966 ఫిబ్రవరిలో అతడు సైన్యానికి అర్హుడైపోయాడు. అంటే మెక్‌నమారా పథకంలో కొట్టుకుపోయిన అనామకులూ, ప్రపంచ ఛాంపియనూ ఒకే తూము గుండా వచ్చారు. వియత్‌కాంగ్‌తో తనకు తగాదా ఏమీ లేదని అతడన్న మాట మర్నాటికి దేశమంతా పాకింది. కెంటకీ సెనేటు, అంటే అతడి సొంత రాష్ట్రపు సభ, అతడిని ఖండిస్తూ తీర్మానించింది. షికాగోలో జరగవలసిన పోటీ రద్దయింది. మార్చి 29న కెనడాకు పోయి టొరాంటోలో చువాలోతో పోరాడవలసి వచ్చింది.

1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో అధికారి కాషియస్ క్లే అని పిలిస్తే అతడు ముందుకు అడుగు వేయలేదు. కోర్టు తీర్పు రాకముందే, అదే రోజున, న్యూయార్కు క్రీడా సంఘం లైసెన్సు రద్దు చేసింది. జూన్ 20న అందరూ తెల్లవారే అయిన జ్యూరీకి అరగంట కూడా పట్టలేదు. అయిదేళ్ల జైలు, పదివేల డాలర్ల జరిమానా. అప్పీలు మీద బయట ఉన్నా మూడున్నరేళ్లు పోటీ లేదు, పాస్‌పోర్టు లేదు. పెద్ద పెద్ద పత్రికలు అతడు మార్చుకున్న పేరును అచ్చు వేయడానికి కూడా ఇష్టపడక ఏళ్ల తరబడి పాత పేరే వ్రాశాయి.

నల్లజాతి క్రీడాకారులలో పెద్దతరం వారు కూడా అతడిని తప్పుపట్టారు. జో లూయీ అందులో ఒకడు. 1942లో తన పోటీ సంపాదన నౌకాదళ సహాయనిధికి ఇచ్చి, సైన్యంలో చేరి, ఊరూరా సైనికుల ముందు ప్రదర్శనలిచ్చినవాడు. యుద్ధం ముగిశాక అదే ప్రభుత్వం పన్ను బకాయిల పేరుతో అతడిని ఏళ్లకేళ్లు వేధించింది. విశ్వాసానికి దక్కిన బహుమానం అది. అయినా లూయీ విశ్వాసం చెక్కుచెదరలేదు.

అలీని పిరికివాడన్న జనమే ఇంకొక సంగతిని చూసీ చూడనట్లు ఊరుకున్నారు. అమెరికన్ ఫుట్‌బాల్ (పాదంకంటే చేతికే ఎక్కువ పని ఉన్న ఆ ఆటకు ఆ పేరెందుకో వారికే తెలియాలి) జట్ల యాజమాన్యాలు తమ ఆటగాళ్లకు నేషనల్ గార్డులో చోటు చూసిపెట్టేవి. జాన్సన్ గార్డు దళాలను పెద్దయెత్తున పిలవదలచుకోలేదు గనుక, అందులో చేరినవాడు వారాంతపు కవాతు చేసి ఆదివారం ఆట ఆడుకోవచ్చు. మామూలు కుర్రవాడు పేరు నమోదు చేసుకుని ఆ ఖాళీ కోసం కాచుకుని కూర్చోవాలి. ఆ జట్లలో ఆడుతూ వెళ్లి వియత్నాంలో చనిపోయినవాడు బాబ్ కాల్సు, 1970 జూలై 21న. అటువంటి పేర్లు వెతికితే గాని దొరకవు. చాటుగా తప్పించుకున్నవాడికి చప్పట్లు, ఎదురుగా నిలబడి కాదన్నవాడికి శిక్ష.

దీనిని కపటమని తేల్చి వదిలేయవచ్చు. కాని అందులో అభిప్రాయం పనిచేసే తీరు ఒకటి కనిపిస్తుంది. యుద్ధం మీద అభిప్రాయం వేరు, యుద్ధాన్ని కాదన్నవాడి మీద అభిప్రాయం వేరు. 1968లో మిషిగన్ విశ్వవిద్యాలయం వారి పరిశీలనలో, సైన్యాన్ని వెంటనే ఉపసంహరించాలన్నవారిలోనే సగానికి పైగా నిరసనకారులంటే తమకు గిట్టదన్నారు. 1970 మే 4న కెంట్ విశ్వవిద్యాలయంలో గార్డు సైనికులు నలుగురు విద్యార్థులను కాల్చి చంపారు. తప్పెవరిదని న్యూస్‌వీక్ అడిగిస్తే, 58 శాతం విద్యార్థులదే అన్నారు. గార్డుదని అన్నవారు 11 శాతం. పది రోజుల తరువాత జాక్సన్‌లో పోలీసులు ఇద్దరు నల్ల యువకులను కాల్చి చంపితే దేశం అంతమాత్రం కూడా కదలలేదు. ఆ కోపంలో వర్గద్వేషం పాలు కూడా ఉన్నది. చేరిక వాయిదా వేయించుకున్నవాడు, చేరక తప్పని తన కొడుకు మోసే జెండాను తగలబెడుతున్నాడని తండ్రికి అనిపించింది. ఆ మంటను ఆర్పే మాట నిరసనోద్యమం మాట్లాడలేకపోయింది. కొందరు ప్రయత్నించారు; ఎక్కువమంది ఆ తండ్రిని మూర్ఖుడని నవ్వారు. అలీ మీద కోపానికి ఈ సాకు కూడా చెల్లదు; అతడికి ఏ కళాశాల వాయిదా లేదు. అతడిలో వారు సహించలేనిది వేరు. నల్లవాడు, ముస్లిం, పైగా తలవంచనివాడు.

1971 జూన్ 28న సుప్రీంకోర్టు అతడి శిక్షను కొట్టివేసింది. ఆ వేసవికి సైన్యాన్ని పంపడం పొరపాటన్నవారు 61 శాతం. 1965లో వారు 24 మాత్రమే.

సహాయం మాట మళ్లీ 1975లో పైకి వచ్చింది. అమెరికా సైనికులు వెనక్కు వచ్చి రెండేళ్లయింది, నిర్బంధ సైనిక సేవ 1973లోనే ముగిసింది. ఇక పంపవలసినది సామగ్రి మాత్రమే. 1953 ప్రశ్నలో చర్చకు రాని సామగ్రి. ఏప్రిల్ 10న అధ్యక్షుడు ఫోర్డు సైగాన్ కోసం 72 కోట్ల 20 లక్షల డాలర్ల సైనిక సహాయం అడిగాడు. కాంగ్రెసు ఇవ్వలేదు. అంతకుముందు కొద్ది నెలలలోనే జరిగిన లెక్కింపులో మూడు వంతుల మందికి పైగా మరింత సహాయం వద్దన్నారు. ఇరవైరెండేళ్ల క్రితం ఎవరూ అడగని ప్రశ్నకు వచ్చిన జవాబు అది.

అయినా ఇది వియత్నాం ప్రజలమీద అభిమానంతో వచ్చిందని నేను అనుకోను. అలసట, ధరల పెరుగుదల, తిరిగిరాని 58 వేల మంది. గాలప్ ఏళ్ల తరబడి వల్లించిన ప్రశ్నలో వాడిన మాట ‘పొరపాటు’. లెక్కలో తప్పు చేసిన వర్తకుడి మాట అది. 1995లో హనోయి ప్రభుత్వం తన లెక్కలు ప్రకటించింది. యోధులు పదకొండు లక్షలు, పౌరులు ఇరవై లక్షలు. ఆ ప్రశ్నలో వీరికి చోటు లేదు.