హస్తవాసి

హైదరాబాదులోని బోరబండ గల్లీలలో ఒక వైద్యుని మెచ్చుకొనవలసి వచ్చినప్పుడు పెద్దలు ఆయన గోడకు తగిలించుకొన్న పట్టాలను పేర్కొనరు. "ఆయన చెయ్యి మంచిగుంటది" అని ఒక్కమాటతో తేల్చివేయుదురు. హస్తవాసి యని మనము చెప్పుకొను ఈ గుణము మందుకన్న ముందు పనిచేయు నమ్మకమునకు మారుపేరు. అది సడలినచోటనే రోగి మొండివాడుగను, వైద్యుడు ముక్కోపిగను ఒకరికొకరు కనబడుదురు.

ఈ చిక్కు నేటిది కాదు. చికిత్సకు వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి యని నాలుగు పాదములను చెప్పిన చరకసంహిత, రోగికిని నాలుగు గుణములను విధించినది: జరిగినది జ్ఞప్తియందుంచుకొనుట, చెప్పినట్లు నడుచుకొనుట, భయపడకుండుట, తన బాధను విప్పి చెప్పగలుగుట. ఇవి నాలుగును ఒక్కనియందే కుదిరిన రోగి దొరకుట వైద్యుని పూర్వజన్మసుకృతమే! అట్టివాడు అరుదని ఎరిగియే కాబోలు, ఆర్తులయెడ మైత్రీకారుణ్యములు వైద్యునికి ధర్మములని ఆ గ్రంథమే నిర్ణయించినది.

బోరబండకు పొరుగున సనత్‌నగరమున అల్విన్ మొదలగు కర్మాగారములు వెలసిన పిమ్మట ఈ మైత్రికి వింత పరీక్ష వచ్చినది. 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్ఐ) చట్టము జబ్బుపడిన కార్మికునికి పనికి పోలేని దినములకును కొంత భత్యము దక్కునట్లు చేసినది గాని, అందులకు వైద్యుని ధ్రువపత్రము కావలెనన్నది. అంతటితో ఈఎస్ఐ వైద్యుడు నాడి చూచువాడే కాక తీర్పరియు నైనాడు. నడుమునొప్పిని కొలుచు యంత్రమేది? నమ్మినచో సోమరికి సందు దొరకును. నమ్మనిచో నిజముగ బాధపడువాడు అబద్ధీకుడగును. నేర్పరియైన వైద్యుడు చీటీని గూర్చి వాదులాడక, ఏ షిఫ్టు, ఎన్ని గంటలు నిలువుకాళ్ళపై పని, ఇంట ఎవరికి బాగులేదు అని అడుగును. సెలవు చీటీ కోరికవెనుక అప్పో, త్రాగుడో, బిడ్డ జ్వరమో బయటపడుట కద్దు.

సీసాకు కాగితపు గుర్తులంటించి కాంపౌండరు మిక్స్చరు పోసియిచ్చిన కాలమున, సూది వేయుమని పట్టుపట్టిన ముసలమ్మను గల్లీ వైద్యుడు కసరుకొనెడివాడు కాడు. చేయిపట్టుకొని కోడలి సంగతి అడిగి, రెండు దినములకు మరల రమ్మనెడివాడు. ఆ మరల వచ్చుటయే ఆయన చికిత్సలో సగము. లండనులోని టావిస్టాక్ క్లినిక్‌న మైకేల్ బాలింట్ అను వైద్యుడు కుటుంబవైద్యులను కూర్చుండబెట్టి, వారిని వేధించు రోగులను గూర్చి వారిచేతనే చెప్పించి, వైద్యుడు అందరికంటె విరివిగ వాడు మందు తానేయని 1957లో గ్రంథస్థము చేసెను. మన పెద్దల మాటకును దీనికిని ఎంత దూరము?

ఇంతలో బోరబండ చుట్టును కాలము మారినది. 1998లో ఐటీ కొలువుల సైబర్ టవర్స్ లేచినది. 2003లో ఎమ్‌ఎమ్‌టీఎస్ రైలు బయలుదేరినది. బోరబండ దాటిన తరువాతి స్టేషనే హైటెక్ సిటీ. కొలువులకై వచ్చినవారు అద్దె ఇల్లు మారినప్పుడెల్ల వైద్యుడును మారును. పరీక్షల ఫైలుతో వచ్చిన అపరిచితుని ముందు అపరిచితుడే కూర్చుండును. పరిచయము లేనిచోట చట్టమే మధ్యవర్తి. రుసుము గొని చేయు వైద్యము వినియోగదారుల చట్టము క్రిందికే వచ్చునని 1995లో సుప్రీంకోర్టు తీర్పిచ్చినది. వైద్యులపై దాడులను నేరముగ శిక్షించు శాసనము ఆంధ్రప్రదేశ్‌లో 2008లో వచ్చినది. రెండును అవసరములే కావచ్చును, కాని కోర్టు మెట్లెక్కినవాని నాడి చూచుట కష్టము.

2018 నుండి నగరమున బస్తీ దవాఖానాలు తెరచుకొన్నవి; పరీక్ష ఉచితము, మందులు ఉచితము. అక్కడ వరుసలో నిలిచిన ముసలమ్మ తన వంతు రాగానే బల్లవెనుక క్రొత్త ముఖమును చూచి, జబ్బు సంగతి ఎత్తకయే అడుగును: "మొన్నటి డాక్టరమ్మ యేది బిడ్డా?"