ధర పలకకముందే రాసుకున్న కట్టుబాటు

అంటార్కిటికాలో తరతరాలుగా కాపురమున్న జనం లేరు. కాబట్టి ఆ ఖండంతో మనిషి సంబంధం ఎప్పుడు మొదలైంది, ఎక్కడ చెడింది, ఎలా కొంత బాగుపడిందన్నది సుమారు రెండువందల ఏళ్ల రికార్డుల్లోనే దొరుకుతుంది. 1959లో కుదిరిన అంటార్కిటిక్ ఒప్పందాన్ని దేశాల ఔదార్యానికి నిదర్శనంగా చెబుతుంటారు. ఆ చరిత్రను వరసగా చూస్తే నాకు తోచేది వేరు. లాభం రుచి తెలిశాక రాసిన నియమాలు అక్కడ ఆలస్యంగా వచ్చి ఓడిపోయాయి. లాభం చేతికందకముందే రాసుకున్నవి నిలిచాయి. ఉమ్మడి ఆస్తిని కాపాడేటప్పుడు నియమం ఎంత ఘనమైనదనే దానికంటే ఎప్పుడు రాశారన్నదే ముఖ్యం.

మొదటి సాక్ష్యం సీల్ వేట. 1819లో విలియం స్మిత్ అనే ఇంగ్లిష్ నావికుడు దక్షిణ షెట్లాండ్ దీవులను చూశాడు. కబురు తెలియగానే బ్రిటన్, అమెరికా వేట ఓడలు అటు మళ్లాయి. 1821, 1822 సంవత్సరాల్లోనే 3,20,000 తోళ్లు తరలిపోయాయని జేమ్స్ వెడెల్ లెక్కగట్టాడు. తానూ సీల్ వేటగాడే. పిల్లలు నీళ్లలోకి దిగగలిగేదాకా తల్లులను చంపకుండా ఆగితే ఏటా లక్ష తోళ్లు చాలాకాలం దొరికేవని 1825లో అచ్చయిన పుస్తకంలో రాశాడు. ఏం చేయాలో తెలుసు, చేయించే అధికారమే ఎవరికీ లేదు. కొద్ది ఏళ్లలోనే ఆ తీరాలు ఖాళీ అయ్యాయి. తిమింగలాల కథ ఇంకా బాధాకరం, ఎందుకంటే వాటి విషయంలో చివరికి నియమమూ వచ్చింది. 1904లో నార్వే కెప్టెన్ లార్సెన్ దక్షిణ జార్జియా దీవిలో గ్రిట్వికెన్ స్థావరం పెట్టాడు. 1930-31 వేట కాలంలో ఒక్క అంటార్కిటిక్ జలాల్లోనే 29 వేలకు పైగా నీలి తిమింగలాలను చంపారు. 1946లో అంతర్జాతీయ ఒడంబడిక కుదిరి, ఏడాదికి 16,000 'నీలి తిమింగలం యూనిట్ల' పరిమితి పెట్టింది. ఒక నీలి తిమింగలం బదులు రెండు ఫిన్ తిమింగలాలో ఆరు సెయ్ తిమింగలాలో పట్టుకోవచ్చు. ఏ దేశం వాటా ఎంతో మాత్రం అందులో లేదు. పరిమితి నిండేలోపు ఎవరెంత పట్టుకుంటే అంత వారిది. దాంతో పోటీ పెరిగి, మరింత వేగంగా వెళ్లే ఓడలు దిగాయి. 1960ల మధ్యలో నీలి తిమింగలాల వేటను పూర్తిగా ఆపేనాటికి దక్షిణ సముద్రంలో వాటి జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది.

భూమి విషయంలోనూ గొడవ ముదిరేదే. బ్రిటన్, న్యూజిలాండ్, ఫ్రాన్స్, నార్వే, ఆస్ట్రేలియా, చిలీ, అర్జెంటీనా తలా ఒక ముక్క తమదన్నాయి. బ్రిటన్, చిలీ, అర్జెంటీనా కోరిన భాగాలు ఒకదానిమీదొకటి పడ్డాయి. 1952లో హోప్ బే దగ్గర దిగుతున్న బ్రిటిష్ బృందం తలల మీదుగా అర్జెంటీనావాళ్లు మెషిన్ గన్ పేల్చారు. అయితే ఆ మంచు కింద అమ్ముకోదగ్గ గని ఇంకా ఎవరికీ దొరకలేదు. 1957-58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరంలో అక్కడ కలిసి పనిచేసిన 12 దేశాలు 1959 డిసెంబర్ 1న వాషింగ్టన్‌లో సంతకాలు చేశాయి. 60 డిగ్రీల దక్షిణ అక్షాంశానికి దిగువన సైనిక స్థావరాలు, అణు పేలుళ్లు ఉండకూడదు. ఎవరి స్థావరాన్నయినా తనిఖీ చేయవచ్చు. నాలుగో అధికరణం ప్రకారం పాత హక్కులను ఎవరూ వదులుకోనక్కర్లేదు, ఒప్పందం ఉన్నంతకాలం కొత్తవి కోరకూడదు. తగవు తీర్చకుండానే తగవును ఆపిన ఈ ఏర్పాటు, గని బయటపడ్డాక అయితే కుదిరేది కాదు.

ఆ తర్వాత వచ్చిన గనుల నిషేధం ఖర్చులేని త్యాగమనీ, అంత మంచు తవ్వి ఖనిజం తీయడం ఎవరికీ గిట్టదనీ కొందరంటారు. ప్రభుత్వాలు అలా అనుకోలేదు. ఆరేళ్లు చర్చించి, 1988లో గనుల తవ్వకానికి షరతులతో దారి తెరిచే ఒడంబడికను వెల్లింగ్టన్‌లో సిద్ధం చేశాయి. 1989 జనవరిలో అర్జెంటీనా ఓడ బహియా పరాయిసో అంటార్కిటిక్ ద్వీపకల్పం దగ్గర మునిగి నూనె ఒలికింది. ఆ ఏడాదే ఆస్ట్రేలియా, ఫ్రాన్స్ ఆ ఒడంబడికపై సంతకం చేయబోమన్నాయి. 1991లో వచ్చిన మాడ్రిడ్ ప్రోటోకాల్ శాస్త్ర పరిశోధనకు తప్ప ఖనిజాల జోలికి పోకూడదంది. అప్పటికి నష్టపోయే గని యజమాని ఒక్కడూ లేడు కాబట్టే అది సాధ్యమైంది. ఖర్చులేనప్పుడు చేసుకున్న త్యాగం కాబట్టే అది విలువైనది.

ఇది ధనిక దేశాల సంఘమన్న ఆక్షేపణ మరింత బలమైనది. 1956లోనే భారత్ అంటార్కిటికా సమస్యను ఐక్యరాజ్యసమితి ముందు పెట్టాలని కోరింది. 1982లో మలేసియా ప్రధాని మహతీర్ అదే వేదికపై ఈ ఏర్పాటును విమర్శించారు. అందులో న్యాయం ఉంది: నిర్ణయాల్లో ఓటు కావాలంటే అక్కడ గణనీయమైన పరిశోధన చేయాలి, దానికి డబ్బు కావాలి. అయినా తలుపు మూసి లేదు. భారత్ 1983లో చేరి అదే ఏడాది ఓటు సంపాదించుకుంది. మలేసియా కూడా 2011లో చేరింది. లోపాన్ని సరిదిద్దాలి, కట్టుబాటును కూల్చకూడదు.

ఇప్పుడు పరీక్ష క్రిల్ రూపంలో వచ్చింది. తిమింగలాలు, పెంగ్విన్లు తినే రొయ్యలాంటి ఈ చిన్న జీవికి చేపల పెంపకపు మేతగా, నూనెగా గిరాకీ ఉంది. వేటను వేర్వేరు ప్రాంతాలకు విస్తరింపజేసే నియమం 2024లో ఏకాభిప్రాయం కుదరక గడువు తీరిపోయింది. 2025లో 6,20,000 టన్నుల పరిమితి సీజన్ ముగియకముందే నిండి వేట ఆపాల్సి వచ్చింది. లాభం ఒకసారి స్థిరపడితే ఏం జరుగుతుందో తిమింగలాలు చెప్పాయి. ఈ జలాల సంరక్షణ కమిషన్‌లో భారత్ సభ్యదేశం. ఒకనాడు ఆ ఖండం అందరిదని అడిగిన దేశంగా, కొత్త రక్షిత ప్రాంతాల కోసం, క్రిల్ వేటను ప్రాంతాలవారీగా పంచే నియమం కోసం గట్టిగా నిలబడాల్సింది ఇప్పుడే. ఓడలు ఇంకా పెరిగాక అడిగితే వినేవారుండరు.