స్వార్జితం

వీలునామాల్లో, రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లో తరచూ కనిపించే మాట ‘స్వార్జితం’. స్వ అంటే తన. అర్జితం అంటే సంపాదించినది. ఆర్జన, ఆర్జించు, గుళ్లలోని ఆర్జిత సేవ ‘అర్జ్’ అనే ఇదే ధాతువు నుంచి వచ్చినవే. దీనికి ఎదురు మాట పిత్రార్జితం.

ఆస్తి స్వార్జితమా, ఉమ్మడిదా అన్నదాని మీద బళ్లారిలో పెద్ద వ్యాజ్యమే నడిచింది. అక్కడి క్రైస్తవ వ్యాపారి మాథ్యూ అబ్రహాం 1842లో చనిపోయాడు. హిందూ ధర్మశాస్త్రం ప్రకారం ఆస్తి ఉమ్మడిదని తమ్ముడు ఫ్రాన్సిస్, భర్త స్వార్జితమని భార్య షార్లెట్ వాదించారు. 1863లో లండన్‌లోని పై కోర్టు ప్రీవీ కౌన్సిల్ తేల్చింది: మతం మారిన మనిషిని హిందూ ధర్మశాస్త్రం ఇక కట్టిపడేయదు, పాత పద్ధతిని ఉంచుకోవాలో వదలాలో అతని ఇష్టం.

ఇలాంటి తీర్పులు చూసి, వ్యక్తి స్వేచ్ఛ క్రైస్తవం పెట్టిన భిక్షేనని కొందరంటారు. కానీ తండ్రి సొత్తు తరగకుండా తాను గడించినదానికి పంపకం లేదని మితాక్షర అనే ధర్మశాస్త్ర గ్రంథం ఎప్పుడో చెప్పింది. 13వ శతాబ్దంలో కవి కేతన దాన్ని తెలుగులోకి తెచ్చాడు. సొంత సంపాదన అన్న భావన మనకు కొత్త కాదు. ఏ ధర్మం కింద బతకాలో మనిషే ఎంచుకోవచ్చన్నది కొత్త. ఆ హక్కులో మతమార్పిడికి, కోర్టుకు, పట్టువదలని ఒక వితంతువుకు వాటా ఉంది. ఆ ఘనతను ఏ ఒక్కరి పేరిటో రాసేయడం న్యాయం కాదు.