గండి పూడ్చే బాధ్యత: కంభం సీమలో వరద, చెరువు, దశబంధం

అర్ధవీడు, కంభం, గిద్దలూరు ప్రాంతాలను మన చరిత్ర రచన కరువు సీమగానే పరిగణించింది. అయితే నల్లమల వాలులలో ఒక్క రాత్రి కురిసిన కుంభవృష్టికి వాగులు పొంగి చెరువు కట్టలు తెగగలవు. మెట్టసీమలో వరద ప్రధానంగా గండి రూపంలోనే వస్తుంది. దానివల్ల ఆయకట్టులో పైరు కొట్టుకుపోయి పొలాలు ఇసుక మేటలవుతాయి. నిలవనీరు పోయి మరుపంటకూ ఆధారం ఉండదు. కనుక రైతు కోలుకోవడం కట్ట పునర్నిర్మాణంతో మొదలవుతుంది.

గుండ్లకమ్మకు కొండల నడుమ అడ్డుకట్ట వేసిన కంభం చెరువును విజయనగర రాణి వరదరాజమ్మ కట్టించినట్లు ప్రసిద్ధి. 2020లో దానికి ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు లభించింది. కట్టించినవారి కీర్తి నిలిచింది. గండ్లు పూడ్చినవారెవరు?

గిద్దలూరుకు దక్షిణాన ఉన్న పోరుమామిళ్ల చెరువు శాసనం (క్రీ.శ. 1369) ఇక్కడ విలువైన సాక్ష్యం. భాస్కర భవదూరుడు వేయించిన ఈ శాసనం చెరువుకు పన్నెండు అంగాలను, ఆరు దోషాలను పేర్కొంటుంది. కట్ట ఊటెత్తడం ఆ దోషాలలో ఒకటి. రెండేళ్లపాటు రోజుకు వేయిమంది కూలీలు, వంద బండ్లు పనిచేసినట్లు లెక్క చెబుతుంది. ఆ కూలీల పేర్లు మాత్రం చెప్పదు.

మరమ్మతు భారాన్ని భూమితో ముడిపెట్టిన ఏర్పాటు దశబంధం. చెరువు నిర్మించిన లేదా బాగుచేసిన వ్యక్తికి, దానిని కాపాడుతుండాలన్న షరతుపై, ఆయకట్టులో భూమినిగాని శిస్తులో వంతునుగాని ఇనాంగా ఇచ్చేవారు. మొదటిది ఖండం, రెండవది షామిలాతు. అంటే గండి పడకముందే దానిని పూడ్చే వ్యయానికి ఆదరువు ఏర్పడి ఉండేది. దీనిని ముందుచూపుగా మెచ్చుకోవచ్చు. కాని ఇనాం ఒకరిది, తట్టమోత మరొకరిది.

ఈ తేడాను 1858 నాటి మద్రాసు నిర్బంధ శ్రమ చట్టం బయటపెట్టింది. కట్ట తెగే ప్రమాదమున్నప్పుడు సమీప గ్రామాలలోని శ్రామిక వర్గాల పురుషులను పనికి రప్పించే అధికారం అధికారులకు దక్కింది. ఆచారసిద్ధమైన కుడిమరామత్తు శ్రమను ఎగ్గొట్టినవారు దాని విలువకు రెట్టింపు చెల్లించాలి. గ్రామ సమష్టి శ్రమను ఐచ్ఛిక సహకారంగా వర్ణించే పరిశోధకులు ఈ నిబంధనను పట్టించుకోవలసి ఉంది.

1997లో ఆంధ్రప్రదేశ్ రైతుల నీటిపారుదల యాజమాన్య చట్టం చెరువుల నిర్వహణలో నీటి వినియోగదారుల సంఘాలకు స్థానం కల్పించింది. అందులో ఓటుహక్కు ఆయకట్టులోని భూయజమానులకు, రికార్డుల్లో నమోదైన కౌలుదారులకు చెందింది. 1858 చట్టం కట్టమీదికి పిలిచిన భూమిలేని కూలీకి అది దక్కలేదు.