నరసాపురపు లెక్కలు

కరవును వర్ణించునపుడు మన కవులు పద్యము చెప్పిరి. దొరతనమువారు సంఖ్య వ్రాసిరి. పద్యమున నతిశయోక్తి యుండునని పాఠకు లెఱుగుదురు గావున కొంత తగ్గించి చదువుదురు. సంఖ్యను గూడ నట్లు శంకించి చదువువారు మిక్కిలి యరుదు. మా సీమ చరిత్రనుండియే రెండు మూడు లెక్కలు తీసికొని యీ విషయమును విచారింపనెంచితిమి.

రాజమహేంద్రవరము జిల్లాలో 1821లో 7,38,308 మంది జనులుండిరనియు, 1841 నాటికి వారు 5,61,041 మందియైరనియు పాతగ్రంథములు చెప్పుచున్నవి. నూటికి ఇరువదినలుగురు తగ్గిరన్నమాట. నడుమ 1832-33లో నందన కరవు వచ్చెను. 1839లో తుపాను కోరంగిని ముంచెను. 1844లో సర్ హెన్రీ మాంట్‌గొమరీ జిల్లా దుస్థితిని విచారించి నివేదిక వ్రాసెను. కాటన్ దొర 1847లో ధవళేశ్వరమున ఆనకట్ట నారంభించి 1852లో ముగించెను. కరవు సత్యము, చావులు సత్యము. కాని ఆ రెండు లెక్కలకును గల భేదము 1,77,267. అంతమందియు మరణించిరని యుపన్యాసములలో వినునప్పుడు మాకు సందేహము కలుగును. ఆ భేదములో చచ్చినవారును, ఊరు విడిచి పోయినవారును, రెండవసారి లెక్కకు రానివారును గలసియున్నారు. మొదటి లెక్కయే యెక్కువ వ్రాసినదైనచో నసలు లేనివారును గలసియున్నారు. నాటి లెక్కలు గ్రామ కరణములు పంపిన పట్టికలనుండి కూర్చినవి. నేడు జనాభా లెక్కలనగా మనము తలచునట్లు ఒకేనాడు దేశమంతట ఇల్లిల్లును దిరిగి వ్రాయు పద్ధతి 1881కి గాని రాలేదు. ఆనకట్ట తరువాత జనులు పెరిగిరను మాటకును ఈ న్యాయమే వర్తించును. విశాఖపట్టణపు వైపునుండి కూలికై డెల్టాకు వచ్చినవారెందరో గలరు. ఒక జిల్లా పెరుగుదలలో కొంత మరియొక జిల్లా తరుగుదలయే.

ఇక నెల్లల సంగతి. 1859లో రాజమహేంద్రవరము, మచిలీపట్టణము, గుంటూరు జిల్లాలను మార్చి గోదావరి, కృష్ణా జిల్లాలుగా నేర్పరచిరి. మా నరసాపురము తాలూకా, నగరము లంక తప్ప, 1904లో గోదావరినుండి కృష్ణాజిల్లాకు పోయెను. 1925లో పశ్చిమగోదావరిలో చేరెను. 2022లో ఆ జిల్లాయు చీలి, భీమవరము ముఖ్యపట్టణమైన చిన్న జిల్లా మాకు మిగిలెను. మా విద్యార్థి యొకడు ‘గోదావరి జిల్లా జనాభా’ యని పటము గీసి తెచ్చెను. 1901 తరువాత గీత కొండమీదినుండి దొర్లినట్లు పడిపోయెను. “అప్పుడు ప్లేగేమైనా వచ్చిందాండీ మాస్టారూ?” అని యడిగెను. ప్లేగు కాదు, తాలూకాలు పోయినవని చెప్పి, ఆ పిల్లవానిచేత ఎల్లల చరిత్ర చదివించుటకు మాకు రెండు వారములు పట్టెను. అట్టి గీతలు గీసి కారణములు కల్పించిన పెద్దవారు లేకపోలేదు.

ఎల్లలు సరిచేయుట యొక విధముగా సులభమే, కాగితములున్నవి. పనియనగా నేమో నిర్ణయించుట కష్టము. 1961 జనాభా లెక్కలలో దేశమునందు పనిచేయు స్త్రీలు సుమారు 5 కోట్ల 94 లక్షలు. 1971లో 3 కోట్ల 13 లక్షలు. పదియేండ్లలో దాదాపు సగముమంది చేతులు ముడుచుకొని కూర్చుండిరా? లేదు. ముఖ్యముగా ప్రశ్న మాఱినది. మొదటిసారి, వ్యవసాయకాలములో రోజున కొక గంటకు మించి క్రమముగా పనిచేసినను పనివారిలో చేర్చిరి. రెండవసారి, ‘నీ ముఖ్యవృత్తి యేది?’ అని యడిగిరి. వంటయు బిడ్డలును గల స్త్రీ దీనికేమి చెప్పును?

దీనికి మా యూరికంటె మంచి సాక్ష్యము లేదు. క్రైస్తవ మిషనరీల మూలమున వచ్చిన లేసు అల్లిక నరసాపురము, పాలకొల్లు ప్రాంతములందు ఇంటింటను వ్యాపించినది. ఒకతె పూవుల నల్లును, అది చేతిపని. మఱియొకతె వానిని కలుపును, అది అతుకుపని. దారము ఏజెంటు తెచ్చును, సరకు అతడే కొనిపోవును, అది విదేశములకు పోవును. మారియా మీస్ అను జర్మను సమాజశాస్త్రజ్ఞురాలు 1977-78లో ఇక్కడ పరిశోధన చేసి, 1982లో ఈ స్త్రీలనుగూర్చి గ్రంథము ప్రకటించెను. లక్షకు మించిన స్త్రీ లీ పనిలో నున్నారని ఆమె యంచనా. లక్షయనునది యంచనాయే గాని గణన కాదు. అయినను ప్రభుత్వపు పట్టికలలో వీరు గృహిణులుగా నణగిపోయిరని ఆమె చూపిన విషయము త్రోసివేయరానిది. ఆమె సంఖ్యతో నాగక, ఇండ్లలో కూర్చుండి యే గంటకేమి చేయుచున్నారో చూచెను.

మేమీ తప్పునకు వెలియైనవారము కాము. 2011 ఫిబ్రవరిలో ఉపాధ్యాయులమగుటచే జనాభా లెక్కలు వ్రాయు పని మాకును వచ్చినది. గడచిన సంవత్సరములో నెప్పుడైనను పనిచేసెనా యని ప్రశ్న. అరుగుమీద కూర్చున్న యింటి యజమానుని ఆయన భార్యనుగూర్చి యడిగితిమి. “ఆవిడకేం పనండీ, ఇంట్లోనే ఉంటాదండి” అనెను. తలుపువెనుక ఆమె యున్నది. సూది యాగలేదు, ఒడిలో దారపుటుండ తిరుగుచుండుట మాకు కనబడినది. ఎండ మండుచుండెను, ఇంక నెన్నో యిండ్లు మిగిలియుండెను. ఇంటిపనులని వ్రాసి ముందునకు పోతిమి.

ఇప్పుడు మా పై తరగతి పిల్లలు సెలవులలో ఒక పేటయందు లెక్క తీయుచున్నారు. తెలిసిన యిండ్లకే పోకుండుటకై ఇండ్ల సంఖ్యలను చీట్లువేసి యేరిపించితిమి. తలుపు తీయని యింటికి బదులు ప్రక్కయింటికి పోరాదు. మఱునాడు మరల పోవలయును. ‘ఏమి పని చేయుదువు?’ అని యడుగరాదు. ‘ఈ వారములో ఏజెంటు ఎన్ని దారపుటుండలు ఇచ్చెను, ఎన్ని తిరిగి యిచ్చితివి, ఎంత కూలి వచ్చెను?’ అని యా స్త్రీనే యడుగవలయును, ఆడపిల్లలే యడుగవలయును. మొదటినాడు వచ్చిన కాగితములలో కూలి గడులు పెక్కు ఖాళీగా నున్నవి. ఖాళీని సున్నగా వ్రాయబోయిన పిల్లవానిని వారించితిమి. నాట్లు పడు దినములలో చేతులు చేలకు పోవును గావున, శ్రావణమునను ఆ యిండ్లకే మరల పోవుటకు నిశ్చయించితిమి.