ఓమ్ నియమం: మంచు, మరిగే నీళ్లు, ఎనిమిది రాగి తీగలు

వోల్టేజి పెరిగితే కరెంటు అదే నిష్పత్తిలో పెరుగుతుంది, నిరోధం పెరిగితే తగ్గుతుంది. బడిలో వల్లెవేసిన ఈ ఓమ్ నియమం చూస్తే, ఇందులో కనిపెట్టడానికి ఏముందిలే అనిపిస్తుంది. కానీ 1820ల్లో వోల్ట్‌మీటర్ లేదు, అమ్మీటర్ లేదు, నిరోధానికి ప్రమాణమూ లేదు.

జార్జ్ సైమన్ ఓమ్ 1789లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టాడు. తండ్రి తాళాలు చేసే పనివాడు. లెక్కలు తానే పట్టుబట్టి నేర్చుకుని కొడుకులకు చెప్పాడు. ఓమ్ కొలోన్‌లో బడిపంతులుగా ఉంటూ, తీరిక వేళల్లో తీగలతో ప్రయోగాలు మొదలుపెట్టాడు.

1825లో ఆయన ప్రకటించిన మొదటి సూత్రం తప్పు. తీగ పొడవును బట్టి కరెంటు తగ్గే తీరు లాగరిథమ్ లెక్కకు లోబడుతుందన్నాడు. దోషం బ్యాటరీది. ఆనాటి వోల్టా బ్యాటరీ సర్క్యూట్ కలపగానే విజృంభించి, కాసేపటికే నీరసించేది. కొలత ముగిసేలోగా కొలిచేదే మారిపోతే ఇక లెక్క తేలేదెలా?

పత్రికా సంపాదకుడు పోగెన్‌డార్ఫ్ ఉపాయం చెప్పాడు: బ్యాటరీ వదిలేసి, కొన్నేళ్ల కిందటే జేబెక్ కనుగొన్న థర్మోకపుల్ వాడమని. రెండు లోహాల అతుకుల్లో ఒకటి వేడిగా, మరొకటి చల్లగా ఉంటే కరెంటు పుడుతుంది. 1826లో ఓమ్ బిస్మత్‌నూ రాగినీ అతికి, ఒక అతుకును మరిగే నీళ్లతో, రెండోదాన్ని మంచుతో కట్టడి చేశాడు. నీళ్లు మరుగుతున్నంతసేపూ మంచు కరుగుతున్నంతసేపూ ఆ ఉష్ణోగ్రతలు కదలవు, కనుక వోల్టేజీ కదలదు. నన్నడిగితే అసలు విజయం ఇదే. సూత్రం దాని వెనకే వచ్చింది.

ఒకే మందం, వేర్వేరు పొడవులు గల ఎనిమిది రాగి తీగలను ఒక్కొక్కటిగా సర్క్యూట్‌లో కలిపాడు. కరెంటు పారితే పైన వేలాడే అయస్కాంత సూది పక్కకు తిరుగుతుంది. దాన్ని యథాస్థానానికి తేవడానికి వేలాడే పట్టీని ఎంత మెలితిప్పాలో అదే కరెంటుకు కొలత. చివరికి తేలింది ఇది: మూలం బలాన్ని, తీగ నిరోధానికి మిగతా సర్క్యూట్ నిరోధాన్ని కలిపిన మొత్తంతో భాగిస్తే కరెంటు వస్తుంది.

ఆ ‘మిగతా’ను మన తొలి పాఠాలు దాటేస్తాయి. పాత టార్చి సెల్‌కు మీటరు పెడితే వోల్టేజి ఫరవాలేదనిపిస్తుంది, బల్బు మాత్రం మిణుకుమంటుంది. సెల్ లోపలి నిరోధం పెరిగి వోల్టేజిలో చాలా భాగాన్ని అదే మింగేస్తుంది.

1827లో ఓమ్ తన సిద్ధాంతాన్ని పుస్తకంగా తెచ్చాడు. సొంత దేశంలో ఆదరణ దక్కలేదు. కొలోన్ ఉద్యోగం వదులుకున్నాడు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. మ్యూనిక్‌లో భౌతికశాస్త్ర ఆచార్య పీఠం 1852లో గానీ అందలేదు, రెండేళ్లకే కన్నుమూశాడు. 1881లో పారిస్ అంతర్జాతీయ సభ నిరోధం ప్రమాణానికి ఆయన పేరును ఖరారు చేసింది.

నిజానికి ఇంగ్లండులో హెన్రీ కావెండిష్ 1781లోనే ఈ సంబంధాన్ని పసిగట్టాడు. ఉప్పునీటి గొట్టాల గుండా తన ఒంటికే షాక్ ఇచ్చుకుని, దాని తీవ్రతను బట్టి పోల్చుకున్నాడు! కానీ ప్రకటించలేదు. మాక్స్‌వెల్ ఆ రాతలను 1879లో అచ్చువేసేదాకా లోకానికి తెలియదు.

ఒక హెచ్చరిక. చేలో మోటారుకు ఈ నియమాన్ని నేరుగా వర్తింపజేయకండి. లో వోల్టేజిలో కరెంటు కూడా తగ్గుతుందిలే అనుకోవడం పొరపాటు. బరువు లాగుతున్న ఇండక్షన్ మోటారు అప్పుడు ఎక్కువ కరెంటు తీసుకుని, వైండింగ్ కాలిపోయే దాకా తెచ్చుకుంటుంది. వోల్టేజి బాగా పడిపోతే మోటారు ఆపేయండి.