సున్నా వేరు, లేమి వేరు: భౌగోళిక వెక్టర్ ఫైళ్లలో ఐచ్ఛిక నిరూపక విలువల చరిత్ర

ఉపోద్ఘాతం:

కాగితంపై గీసిన పటంలో ఎత్తు కొలవని చోట సర్వేయరు ఏ అంకె వేయడు. ఆ ఖాళీయే అక్కడ కొలత జరగలేదని తెలుపుతుంది. కంప్యూటరు ఫైలుకు ఈ వెసులుబాటు లేదు. ఎత్తు కోసం ఎనిమిది బైట్ల స్థలం కేటాయించాక అందులో ఏదో ఒక సంఖ్య ఉండి తీరుతుంది. భూతలంపై ఉన్నవాటిని బిందువులు, రేఖలు, బహుభుజులుగా నమోదు చేసే వెక్టర్ ఫైళ్లలో స్థానాన్ని తెలిపే రెండు నిరూపకాలు తప్పనిసరి. ఎత్తును తెలిపే జడ్ విలువ, రేఖ వెంట దూరం వంటి కొలతను తెలిపే ఎం విలువ ఐచ్ఛికాలు. రహదారి పక్కన కిలోమీటరు రాళ్ల లెక్క ఎం విలువకు పరిచితమైన ఉదాహరణ. ఈ విలువలు లేనప్పుడు, 'లేదు' అన్న సంగతిని ఫైలు ఎలా చెప్పాలి? ఈ ప్రశ్నకు గత మూడు దశాబ్దాలలో వచ్చిన సమాధానాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

షేప్‌ఫైలు - సంఖ్యతో చెప్పిన లేమి:

ఎస్రి సంస్థ 1998 జూలైలో ప్రచురించిన షేప్‌ఫైలు సాంకేతిక వివరణ ఈ చరిత్రలో ప్రధాన ఆధారం. అందులో ఆకృతులకు సంఖ్యలున్నాయి. సాధారణ బిందువు 1, రేఖ 3, బహుభుజి 5. జడ్ ఉన్న రూపాలు వరుసగా 11, 13, 15. ఎం మాత్రమే ఉన్నవి 21, 23, 25. అనంత విలువలను, 'సంఖ్య కానిది' అనే ప్రత్యేక గుర్తును ఈ ఫైలులో వాడరాదని నిషేధించారు. అందువల్ల కొలత లేదని చెప్పడానికి వేరే సంకేతం అవసరమైంది. -10³⁸ కన్నా చిన్నదైన ఏ సంఖ్యనైనా 'విలువ లేదు' అనే అర్థంలో గ్రహించాలని నిర్ణయించారు. ఏ రహదారి కొలతా అంత దూరం పోదు కనుక అసలు విలువతో పొరపాటు పడే ప్రమాదం లేదు.

అయితే అదే వివరణలో లేమిని తెలిపే పద్ధతులు మరో రెండు ఉన్నాయి. జడ్ ఉన్న రేఖలు, బహుభుజులలో ఎం విలువల భాగాన్ని పూర్తిగా వదిలివేయవచ్చు. అది ఉన్నదో లేదో రికార్డు పొడవును బట్టి చదివే ప్రోగ్రామే తేల్చుకోవాలి. ఇక 100 బైట్ల శీర్షికలో జడ్, ఎం అవధులు వర్తించని ఫైళ్లకు 0.0 రాయాలి. ఈ విధంగా ఒకే ఫైలు రూపంలో లేమి ఒకచోట అతి చిన్న సంఖ్య, ఒకచోట తగ్గిన పొడవు, మరొకచోట సున్నా అయింది. ఆకృతి సంఖ్యను చూడకుండా శీర్షికను మాత్రమే చదివితే ఆ సున్నా ఎత్తో, లేమో తెలియదు.

రకంతో చెప్పిన లేమి:

ఓపెన్ జియోస్పేషియల్ కన్సార్టియం 1999 నాటి సరళ ఆకృతుల ప్రమాణం రెండు పరిమాణాలకే పరిమితమైంది. ఎత్తు కావలసినవారు సొంత మార్గాలు వెతుక్కున్నారు. 2001లో తొలిసారి వెలువడిన పోస్ట్‌జీఐఎస్ తన విస్తృత ద్విసంఖ్యా రూపంలో, ఆకృతి రకాన్ని తెలిపే సంఖ్యలోని పై బిట్లను గుర్తులుగా వాడుకొంది. ఆ పద్ధతిలో జడ్ ఉన్న బిందువు రకం 2147483649. 2006లో సవరించిన కన్సార్టియం ప్రమాణం వేరొక దారి పట్టింది. జడ్‌కు 1000, ఎంకు 2000, రెండూ ఉంటే 3000 కలపాలన్నది. ఆ లెక్కన అదే బిందువు 1001. రెండు రూపాలూ వాడుకలో నిలిచినందున, చదివే ప్రోగ్రాములు రెండింటినీ గుర్తించవలసి వచ్చింది.

ఈ పద్ధతితో విలువ ఉన్నదీ లేనిదీ నిరూపకాలను చదవకముందే తెలుస్తుంది. కాని ఈ ప్రకటన ఆకృతి మొత్తానికి వర్తిస్తుంది. వంద శీర్షాల రేఖలో ఒక్క శీర్షానికి ఎత్తు తెలియకపోతే, తక్కిన తొంభైతొమ్మిది ఎత్తులనూ వదులుకోవాలి, లేదా ఆ ఒక్కచోట మళ్లీ ఏదో సంకేతాన్ని ఆశ్రయించాలి.

వదిలివేతతో చెప్పిన లేమి:

2008 నాటి జియోజేసన్ అన్నిటికన్నా సహజమైన మార్గం ఎంచుకొంది. విలువ లేకపోతే రాయకపోవడమే. స్థానానికి రెండు సంఖ్యలుంటే ఎత్తు లేదు, మూడుంటే ఉంది. 2016 ఆగస్టులో దీనిని ఆర్‌ఎఫ్‌సీ 7946గా ప్రమాణీకరించినప్పుడు, మూడుకు మించి సంఖ్యలు రాయరాదని సూచించారు. దానితో ఎం విలువకు స్థానం లేకపోయింది. మూడవ సంఖ్య డబ్ల్యూజీఎస్ 84 దీర్ఘవృత్తజం నుండి మీటర్లలో ఎత్తు అని కూడా స్థిరపడింది. సముద్రమట్టం నుండి ఎత్తు కాదు.

ఈ భేదం తెలుగు తీరానికి నేరుగా వర్తిస్తుంది. దక్షిణ భారత ప్రాంతంలో సగటు సముద్రమట్టం ఆ దీర్ఘవృత్తజం కన్నా పదుల మీటర్లు దిగువన ఉంటుంది. కనుక మచిలీపట్నం తీరంలోని నేల ఎత్తు ఈ ప్రమాణం ప్రకారం రుణసంఖ్య అవుతుంది. అక్కడ ఎత్తు తెలియక ఎవరైనా సున్నా రాస్తే, ఆ బిందువు నేలకు పదుల మీటర్ల పైన గాలిలో నిలుస్తుంది. రుణసంఖ్యలన్నీ దోషాలని తొలగిస్తే నిజమైన తీరమే చెరిగిపోతుంది. వరదముంపు అంచనాలో ఇటువంటి పొరపాటు ఏ ఊరు మునుగుతుందన్న నిర్ణయాన్నే మార్చగలదు.

ముగింపు:

2014లో వెలువడిన జియోప్యాకేజీ ఈ అనుభవాల ఫలితంగా కనిపిస్తుంది. అందులో ప్రతి పట్టికకూ జడ్, ఎం విలువల గురించి ముందుగానే ప్రకటించాలి: 0 అయితే నిషిద్ధం, 1 అయితే తప్పనిసరి, 2 అయితే ఐచ్ఛికం. ఉండకూడని విలువకూ, ఉండవలసి లేని విలువకూ మధ్య తేడా ఇక్కడ స్పష్టమైంది. షేప్‌ఫైలు నుండి జియోప్యాకేజీ వరకు సాగిన మార్పు ఇదే: లేమిని తెలిపే బాధ్యత క్రమంగా సంఖ్య నుండి ప్రకటనకు మారింది. అయినా 'ఐచ్ఛికం' అన్న ప్రకటన ఒక శీర్షం ఎత్తు ఎందుకు లేదో చెప్పదు. కొలవలేదా, కొలిచినది పోయిందా, అసలు వర్తించదా అన్నది నమోదు చేసినవారికే తెలుసు. ఒక రూపం నుండి మరొక రూపానికి ఫైలును మార్చే ప్రతిసారీ ఆ సమాచారం సున్నాగా మారకుండా చూడడం వారి పని.